డిఫరెన్షియల్ ముక్కున చమురు చెమ్మ

వెనుకటి రోజుల్లో ఎడ్లబండి ఊరు దాటేముందు బండి తోలేవాడు ఒకసారి వంగి ఇరుసు వంక చూసేవాడు. ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెనను వెదురుగొట్టంలో పోసి బండికింద వేలాడగట్టుకొనేవాడు. కందెన తక్కువైతే చక్రం కీచుమని తానే చెప్పేది. ఇప్పుడు మన ధాన్యం, మిరపకాయలు, పత్తి, కూరగాయలు, పాలక్యానులు పికప్పు బండిమీద పోతున్నవి. దీనికీ ఇరుసు వున్నది, ఇరుసుకు కందెనా వున్నది. అయితే అదంతా ఇనుప గుల్లలో మూసి వుండడంవల్ల కందెన తగ్గిన సంగతి మనకు కనపడదు. బండి అరిచి చెప్పేనాటికి లోపల పళ్ళు చెడిపోయి వుంటవి.

ఆ గుల్లలోనుంచి చమురు బయటికి వచ్చే దారుల్లో ముఖ్యమైనది పినియన్ సీలు. అది కారుతున్నదని ఎట్లా గుర్తించాలి, ఎందుకు కారుతుంది, మార్చేటప్పుడు పొరపాటు ఎక్కడ జరుగుతుంది అనే సంగతులు ఇప్పుడు చెప్పుకుందాం. పనిముట్లు పట్టే అలవాటున్నవారు తామే చేసుకోవచ్చు. మెకానిక్కుచేత చేయించుకొనేవారు కూడా పక్కన నిలబడి ఏమి చూడాలో తెలుసుకొంటే నష్టపోరు.

లోపల ఏమున్నది?

పికప్పు వెనుక చక్రాల నడుమ గుమ్మడికాయలాగా ఉబ్బిన ఇనుప బుర్ర కనిపిస్తుంది. దానిలో వున్నదే డిఫరెన్షియల్. గేరుబాక్సునుంచి వచ్చే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు ఈ బుర్ర ముక్కు దగ్గర ముగుస్తుంది. ముక్కులోపల పినియన్ అనే చిన్న పళ్ళచక్రం వున్నది. అది క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. నిలువునా వచ్చిన తిరుగుడు ఇక్కడ అడ్డంగా మళ్ళి రెండు చక్రాలకూ పోతుంది.

డిఫరెన్షియల్ ఎందుకంటారా? కళ్ళంలో బంతి కట్టి తోలినప్పుడు చూశారు గదా, గుంజ దగ్గరి ఎద్దు కొద్దిగా అడుగులు వేస్తే చాలు, బయటి ఎద్దు ఎంతో దూరం నడవాలి. బండి మలుపు తిరిగేటప్పుడు కూడా లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగవలసి వుంటుంది. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్.

పినియన్ కాడను రెండు బేరింగులు మోస్తవి. కాడ చివర గాళ్ళు వుంటవి. ఆ గాళ్ళమీద ఫ్లాంజి అనే ఇనుప పళ్ళెం ఎక్కి, పెద్ద నట్టుతో బిగిసి వుంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టును నాలుగు బోల్టులతో ఈ ఫ్లాంజికే కలుపుతారు. తిరిగే ఫ్లాంజి మెడకూ, తిరగని గుల్లకూ నడుమ చమురు రాకుండా ఆపేదే మన సీలు. అది ఇనుప కట్టులో అమర్చిన రబ్బరు పెదవి. పెదవి వెనుక సన్నని స్ప్రింగు చుట్టి వుంటుంది. ఆ స్ప్రింగు పెదవిని మెడమీద సుతారంగా ఒత్తిపెడుతుంది. పంపు గ్లాండు చుక్క చుక్క కారినా పనికి అడ్డంరాదు. ఈ సీలు అట్లా కారగూడదు.

చెమ్మ ఎందుకు ప్రమాదం?

చాలా పికప్పుల్లో ఈ గుల్లలో పట్టే చమురు మూడు లీటర్ల లోపే. దినానికి నాలుగు చుక్కలు పోతే ఏమవుతుందిలే అనుకొంటాము. క్రౌన్ తిరుగుతూ చమురును పైకి చిమ్మితేనే అది ముక్కులోని ముందు బేరింగుకు చేరుతుంది. కనుక మట్టం తగ్గినప్పుడు ముందుగా ఎండిపోయేది ఆ బేరింగే. నిండు బస్తాలతో మార్కెట్టు యార్డుకు పోయే రాత్రి అది కాలి బిగుసుకొంటే వెనుక చక్రాలు నడిరోడ్డున ఒక్కసారిగా పట్టుకోవచ్చు. అప్పుడు పోయేది క్రౌన్ పినియన్ ఖరీదు ఒక్కటే కాదు, పైన కూర్చున్న మనుషుల ప్రాణాలు కూడా. సీలు ఖరీదు క్రౌన్ పినియన్ జత ఖరీదులో చాలా చిన్న భాగం.

ఏది కారుతున్నదో ముందు తేల్చుకోండి

తడిసినచోటల్లా సీలే కారిందనుకోవద్దు. గేరుబాక్సు వెనుక సీలు కారితే ఆ చమురు గాలికి వెనక్కు కొట్టుకువచ్చి ఇక్కడ పడవచ్చు. గుల్ల మూత జాయింటునుంచి కూడా రావచ్చు. కాబట్టి బుర్రనంతా కిరసనాయిలుతో, బ్రష్షుతో శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, పది పదిహేను కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. అప్పుడు కిందికి దూరి చూడండి. ఫ్లాంజి వెనుక, ముక్కు అంచున తడి మొదలై, పైన బాడీ అడుగున అడ్డంగా చిమ్మిన చార వుంటే అది పినియన్ సీలే. ఈ చమురుకు గంధకపు ఘాటు వాసన వుంటుంది. ఆ వాసన ఇంజను ఆయిలుకు వుండదు.

తరువాత మూడు సంగతులు చూడాలి.

మొదటిది బ్రీదరు. ఇరుసుమీద చిన్న టోపీలాగా గాని, చిన్న గొట్టంలాగా గాని వుంటుంది. బండి నడిచి వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి ఈ దారిన పోతుంది. మన పొలాల బురద, దుమ్ము పట్టి ఇది మూసుకుపోతే గాలికి వేరే దారి లేక చమురును సీలు పెదవి కిందనుంచి తోస్తుంది. అదే ఒత్తిడి ఇరుసు కొసలనుంచి బ్రేకు డ్రమ్ముల్లోకి కూడా చమురు పంపవచ్చు. డ్రమ్ములో చమురు పడితే బ్రేకు పట్టదు. ఎన్ని సీళ్ళు మార్చినా మళ్ళీ కారుతున్నదని వాపోయే బండ్లలో ముందుగా చూడవలసింది ఈ బ్రీదరునే.

వాగులు దాటే బండ్లకు ఇంకొక చిక్కు వున్నది. వేడి ఇరుసు చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకొని నీటిని లోపలికి పీలుస్తుంది. చమురు పాలు కలిపిన కాఫీలాగా మారితే నీరు చేరిందన్నమాట. అట్టి చమురును ఒక్కదినం కూడా వుంచరాదు.

రెండవది పినియన్ ఊగడం. షాఫ్టు విప్పిన తరువాత ఫ్లాంజిని రెండు చేతులా పట్టి పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ కదపండి. చేతికి తెలిసేటంత ఊగితే బేరింగులు అరిగినట్టు, లేదా నట్టు వదులైనట్టు. ఊగే కాడమీద కొత్త సీలు ఎన్నాళ్ళు నిలుస్తుంది? అప్పుడు గుల్ల విప్పి బేరింగుల సంగతి చూడవలసిందే. ఫ్లాంజిని తిప్పినప్పుడు క్రౌన్ పట్టుకొనేలోగా పళ్ళసందున కొద్దిగా ఆడుతుంది. అది సహజమే, దానిని ఊగడమనుకోవద్దు.

మూడవది చమురు మట్టం. ఎక్కువ పోసినా కారుతుంది. సమనేలమీద నిలిపి, నింపే బిరడా తీస్తే చమురు ఆ రంధ్రం అడుగు అంచుదాకా వుండాలి. అంతకు మించగూడదు.

కిందికి దూరేముందు

ఇది అన్నిటికన్న ముఖ్యమైన మాట. హ్యాండు బ్రేకు పట్టేది వెనుక చక్రాలను. వెనుక చక్రాలు పైకి లేచిన తరువాత దానితో పని లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పితే గేరులో వేసి వుంచినా ఇంజను బండిని ఆపలేదు. అంటే మనం నమ్ముకొన్న రెండు కాపులూ ఒక్కసారే పోతవి. అందుచేత గట్టి సమనేలమీద బండి నిలిపి, ముందు చక్రాలకు రెండువైపులా బలమైన చెక్క ఆపులు పెట్టండి. జాకీతో లేపి ఇరుసు రెండు పక్కలా గట్టి స్టాండ్లు పెట్టి, బండిని వాటిమీదికి దించండి. ఇటుకలు పేర్చి పనిచేయవద్దు. ఇటుక చిట్లితే చెప్పి చిట్లదు. జాకీ ఒక్కదానినే నమ్మి కిందికి దూరవద్దు. ఒక మనిషిని బయట కాపలా వుంచుకోండి. బండి చల్లారిన తరువాతనే పని మొదలుపెట్టండి.

విప్పడం

మొదట నింపే బిరడా వదులు చేయండి. అది రాకముందే కింది బిరడా తీసి చమురంతా వదిలితే, తరువాత పోసే దారి లేక బండి అక్కడే కూర్చుంటుంది. పైది వచ్చిన తరువాత కిందిది తీసి చమురును తట్టలోకి దించండి. బిరడాకున్న అయస్కాంతం మీద గంధంలాంటి మెత్తని ఇనుపపొడి వుంటే భయంలేదు. పంటి ముక్కలు, చిప్పలు కనిపిస్తే సీలు పని ఆపి మెకానిక్కును పిలవండి.

షాఫ్టుకూ ఫ్లాంజికీ కలిసేచోట రంగుతో ఒక గీత గీసి, అప్పుడు బోల్టులు విప్పండి. బిగించేటప్పుడు గీతకు గీత కలవాలి. లేకపోతే బండి అదరవచ్చు. విప్పిన షాఫ్టును వేలాడనివ్వక తాడుతో పైకి కట్టండి.

ఇప్పుడు చాలామంది తప్పిపోయే మెట్టు వస్తుంది. నట్టు ముట్టుకోకముందే పినియన్ ఎంత బిగువుగా తిరుగుతున్నదో కొలిచి పెట్టుకోవాలి. దానికి ఖరీదైన సాధనం లేకపోయినా ఫరవాలేదు. చిన్న స్ప్రింగు కాటా చాలు. వెనుక చక్రాలు, బ్రేకు డ్రమ్ములు ఊడదీసి బ్రేకు ఎక్కడా రాయకుండా చూడండి. ఫ్లాంజి అంచుకు సన్నని తాడు పదిచుట్లు చుట్టి, కొసకు కాటా తగిలించి నిదానంగా లాగండి. కదలడం మొదలైనప్పటి అంకె వద్దు. సమంగా తిరుగుతున్నప్పుడు ముల్లు చూపిన అంకె కావాలి. రెండుమూడుసార్లు లాగి చూసి, ఆ అంకెను సుద్దతో తలుపుమీద రాసుకోండి. తరువాత నట్టుకూ, కాడకూ, ఫ్లాంజికీ కలిసి వచ్చేటట్టు ఒక గుర్తు కొట్టండి. నట్టు బయటికి ఎన్ని మరచుట్లు కనిపిస్తున్నవో లెక్కపెట్టండి.

ఈ కొలత ఎందుకు? రెండు బేరింగుల నడుమ చాలా బండ్లలో నలిగే స్వభావంగల ఇనుప గొట్టం ఒకటి వుంటుంది. దానిని క్రష్ స్లీవు అంటారు. నట్టు బిగించినకొద్దీ ఆ గొట్టం నలిగి, బేరింగులకు కావలసినంత ఒత్తిడి వస్తుంది. ఎద్దు మెడకు పలుపు మరీ బిగిస్తే ఊపిరాడదు, మరీ వదిలితే తల తప్పిస్తుంది. బేరింగు సంగతీ అంతే. ఎక్కువ బిగిస్తే కాలిపోతుంది, తక్కువైతే పినియన్ ఊగి పళ్ళు కొరుక్కుంటవి. ఒకసారి నలిగిన గొట్టం మళ్ళీ సాగదు. కనుక "బలం కొద్దీ బిగించాను, కొంచెం ఎక్కువైంది, వెనక్కు వదిలాను" అనడం ఇక్కడ చెల్లదు. అట్లా జరిగితే కొత్త గొట్టం వెయ్యవలసిందే.

పాత జీపు రకం ఇరుసుల్లో కొన్నిటిలో ఈ గొట్టం బదులు పలుచని రేకు షిములు వుంటవి. వాటికి నట్టును బండి పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్కు పానాతో బిగించాలి. మీ బండిలో ఏ రకం వున్నదో పుస్తకంలో చూసి గాని, కంపెనీ వర్కుషాపులో అడిగి గాని ముందే తెలుసుకోండి.

నట్టు గట్టిగా వుంటుంది. ఫ్లాంజి రెండు రంధ్రాలకు పొడుగాటి ఇనుపపట్టీ బోల్టులతో బిగించి, దాని కొస నేలకో ఛాసిస్‌కో ఆనేటట్టు పెడితే ఫ్లాంజి తిరగదు. పట్టీకీ ఆనుడుకూ నడుమ వేళ్ళు పెట్టవద్దు. నట్టుకు చీలమేకు వుంటే తియ్యండి. అంచు నొక్కి తాళం వేసిన రకమైతే ఆ నొక్కుడు లేపండి. నట్టు వచ్చిన తరువాత ఫ్లాంజిని పుల్లరుతో లాగండి. సుత్తితో కొడితే ఫ్లాంజి వంకరపోతుంది, ఆ దెబ్బ బేరింగులకూ తగులుతుంది.

కొత్త సీలు వెయ్యడం

పాత సీలు ఎంత లోతున కూర్చున్నదో చూసి గుర్తుపెట్టుకోండి. తరువాత దానిని లీవరుతో అంచుపట్టి లేపండి. గుల్ల రంధ్రంలో గీత పడగూడదు. కొత్తదానిని పాతదాని పక్కన పెట్టి లోపలి కొలత, బయటి కొలత, మందం, దానిమీది నంబరు సరిచూడండి. దుకాణదారు "ఇదే పడుతుంది" అన్నంత మాత్రాన నమ్మవద్దు.

ఫ్లాంజి మెడను గుడ్డతో తుడిచి గోరు పెట్టి గీకి చూడండి. పెదవి తిరిగేచోట గోరు తట్టుకొనేటంత గాడి వుంటే, కొత్త సీలు వేసినా కారుతుంది. దానికి పలుచని మరమ్మతు తొడుగు దొరికితే తొడగండి, లేకపోతే ఫ్లాంజి మార్చండి. తుప్పు మరక మాత్రమే వుంటే సన్నని ఎమరీ కాగితంతో మెడచుట్టూ తిప్పి రుద్దండి. నిలువునా రుద్దితే ఆ గీతలే చమురుకు కాలవలౌతవి.

సీలు స్ప్రింగు వున్నవైపు లోపలికి, అంటే చమురువైపుకు వుండాలి. తిరగేసి వేస్తే మొదటి దినమే కారుతుంది. పెదవికి గ్రీజు రాయండి. ఎండు పెదవి తిరగడం మొదలుపెడితే కాలిపోతుంది. బయటి కట్టు వట్టి ఇనుముదైతే దానికి పలుచగా సీలెంటు పట్టించవచ్చు. రబ్బరు పూత వుంటే అక్కరలేదు. సీలు అంచు మందాన సరిపోయే గొట్టం ముక్క పెట్టి, చుట్టూ సమంగా, చిన్నచిన్న దెబ్బలతో పాతది వున్న లోతుకు దించండి. ఒకపక్క దిగి ఒకపక్క లేస్తే తీసి మళ్ళీ మొదలుపెట్టండి.

ఫ్లాంజి లోపలి గాళ్ళకూ, వాషరు కిందా కొద్దిగా సీలెంటు రాయండి. గాళ్ళ సందుల్లోంచి కూడా చమురు పాకి వస్తుంది. మంచి సీలు వేసిన తరువాత కూడా చెమ్మ కనిపించడానికి ఇదొక కారణం. గుర్తులు కలిపి ఫ్లాంజిని ఎక్కించి, నట్టుతో మెల్లగా లోపలికి లాక్కురండి.

ఇప్పుడు బిగింపు. నట్టు కొద్దిగా తిప్పడం, పినియన్‌ను పది చుట్లు తిప్పడం, కాటాతో లాగి చూడడం. ఇట్లా మళ్ళీమళ్ళీ చెయ్యాలి. తలుపుమీద రాసుకొన్న అంకె వచ్చేదాకా గాని, బండి పుస్తకం చెప్పినట్టు దానికన్న రవ్వంత ఎక్కువ వచ్చేదాకా గాని బిగించి ఆపండి. నట్టు కూడా కొత్తది వేస్తే పాత గుర్తు కలవదు. అప్పుడు కాటాయే సాక్షి. అంచు నొక్కే రకం నట్టును తిరిగి వాడక కొత్తదే వెయ్యాలి. కొన్ని కంపెనీల పుస్తకాలు సీలు మార్చినప్పుడల్లా కొత్త క్రష్ స్లీవు వెయ్యమంటవి. అట్లా వుంటే ఆ మాటే పాటించండి. గాలితో కొట్టే తుపాకీ పానాతో ఈ నట్టును బిగించనియ్యవద్దు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది గాని, బేరింగు ఆయుస్సు కూడా ఆ రెండు నిమిషాల్లోనే తరిగిపోతుంది.

ముగించేముందు

గీతలు కలిపి షాఫ్టు బిగించండి. బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. డ్రమ్ములు, చక్రాలు ఎక్కించండి. బ్రీదరు విప్పి కిరసనాయిలుతో కడిగి, ఊది, గాలి ఆడుతున్నదని చూసి పెట్టండి. చమురు పోసేటప్పుడు ఇంజను ఆయిలు పోయవద్దు. ఈ పళ్ళు ఒకదానిమీద ఒకటి ఒత్తుకొంటూ జారుతవి. ఆ ఒత్తిడికి తట్టుకొనేది గేరు ఆయిలే. సాధారణంగా జి.ఎల్.-5 రకం 90 గాని, 80డబ్ల్యు-90 గాని వాడతారు. మీ బండి పుస్తకంలో ఏది వుంటే అదే ఖాయం. రంధ్రం అంచుదాకా పోసి బిరడా బిగించండి. తీసిన పాత చమురును బోదెలోనూ, చేనిగట్టునా పారబోయక డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

పది కిలోమీటర్లు ఖాళీబండి నడిపి, ఆపి, బుర్ర ముక్కు దగ్గరికి చెయ్యి తీసుకుపోండి. గోరువెచ్చగా వుంటే మంచిదే. చెయ్యి దగ్గరికి పోనివ్వనంత వేడిగా వున్నా, లోపల ఊళవంటి కూత వినిపించినా బిగువు ఎక్కువైందని అనుమానించాలి. అట్టి బండికి బరువు వెయ్యక వర్కుషాపుకు తీసుకుపోండి. అంతా బాగుంటే ఒక వారం తరువాత మళ్ళీ ఒకసారి చెమ్మ, మట్టం చూసుకోండి.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ఊళ్ళో సమావేశం జరిగినప్పుడు ఒక పాత సీలు, ఒక స్ప్రింగు కాటా చేతపట్టుకొని పోయి చూపించండి. పెదవి ఎటు వుండాలో, కాటా ఎట్లా లాగాలో కంటితో చూసిన డ్రైవరు మరచిపోడు. కోతలు, మిరపకాయ ఎగుమతులు మొదలయ్యే ముందు ఊళ్ళోని బండ్ల ఇరుసులన్నీ ఒకసారి చూపించుకొనేటట్టు చెప్పండి.

రైతు సోదరులారా! రేపు ఉదయం బండి తీసేముందు వెనుకకు పోయి ఒకసారి వంగి చూడండి. మన తాతలు చూసిన ఇరుసే అది. బుర్ర ముక్కు పొడిగా, దుమ్ము కప్పుకొని వుంటే నిశ్చింతగా బయలుదేరండి. దుమ్ము తడిసి నల్లగా అంటుకొని వుంటే ఆ దినం బరువు ఎత్తకముందే సంగతి తేల్చుకోండి.